లక్కతో అతికిన కలం

నూకాలు తరిమెన కింద పడ్డ పొట్టును చీపురుతో దగ్గరికి ఊడుస్తోంది. రోజూ పొద్దున్నే చేసే పనే. తరిమెన అంటే కర్రను గిరగిర తిప్పే యంత్రం. తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించి బొంగరాలూ, కుంకుమ భరిణెలూ, గిలక్కాయలూ తీస్తారు. తీయగా రాలిన పొట్టు, కోయగా మిగిలిన ముక్కలు కాగు కిందికి పోతాయి. నీళ్లు కాగుతాయి, ఇంట్లోవాళ్లు స్నానాలు చేస్తారు. మా జాతికి రాసిపెట్టిన దారి అదే. నేను ఒక కలాన్ని అని ఇవాళ మీతో ధైర్యంగా చెప్పుకుంటున్నాను గానీ, ఆ పొద్దున నేను కలాన్ని కాను. అసలు 'నేను' అనే మాటకే తగను. చీపురు ముందు దొర్లుతున్న కొన్ని చెక్కముక్కలం. మేము.

మాలో అంకుడు ముక్కలే ఎక్కువ. అంకుడు తెల్లగా, మెత్తగా, ఎవరేం చెప్పినా వినే రకం. ఆ ఊరి బొమ్మలన్నీ దానితోనే చేస్తారు. పసుపుపచ్చటి పనస ముక్క ఒకటి, ఎవరింట్లోనో పాత పీట విరిగితే వచ్చింది. నల్ల చారల తాటిచేవ ఒకటి, కూలిపోయిన పాక వాసంలోది. చింతచేవ మరొకటి. అది ఉలినే మొండి చేసే కోపిష్టిది. ఎండకు ఒకటి ముడుచుకుంటే వానకు ఇంకొకటి ఉబ్బుతుంది. ఇలాంటివాళ్లను ఒక్కచోట కూర్చి కాపురం చేయించవచ్చని మనుషులే అనుకోగలరు.

చీపురు ఆగింది. నూకాలు వంగి మమ్మల్ని ఒక్కొక్కటిగా ఏరింది, పైట చెంగుతో దుమ్ము తుడిచింది, వాకిలి వైపు ఒకసారి చూసి రేకు డబ్బాలో వేసింది. మిగతా పొట్టు మామూలుగానే కాగు కిందికి వెళ్లింది.

ఆ ఇంటాయన పేరు దేముడు. అనకాపల్లి వైపు ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో దేముడు అన్న పేరు కొత్తేమీ కాదు, వీధికొకరుంటారు. తరిమెన పనిలో మాత్రం ఆయన ఒక్కడే. కర్ర తీస్తుండగా వెంట్రుకంత బీట కనిపించినా దాన్ని లక్కతో పూడ్చి మూయడు, తీసి పొయ్యిలో పడేస్తాడు. ఒక్క కర్రలోంచి ఒక్క బొమ్మ రావాలి. అతుకు పని చేసేవాడు తరిమెన ముందు కూర్చోకూడదు, చెప్పులు కుట్టుకోవాలి అనేవాడు. చెప్పులు కుట్టేవాళ్ల పనిలోని నేర్పు ఆయనకు తెలియదు. తెలియనివాటి మీద గట్టిగా మాట్లాడటం మనుషులకు తేలిక.

మోటారు రాకముందు తరిమెనను తాడుతో లాగేవారు. మగవాడు ఉలి పట్టుకుని ఒకవైపు కూర్చుంటే, ఆడమనిషి ఎదురుగా పీట మీద కూర్చుని కర్రకు చుట్టిన తాడును ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో లాగుతుండేది. దేముడికి మొదట తాడు లాగింది భార్య అప్పాయమ్మ. ఆమె భుజం పట్టేశాక కూతురు నూకాలు అందుకుంది. ఊరి బడిలో పదో తరగతి అయ్యేదాకా బడికి ముందూ తర్వాతా లాగింది. బడి అయిపోయాక రోజంతా లాగింది. బొమ్మ అమ్ముడైనప్పుడు దేముడి పని అనేవారు. తాడు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తాలని ఎవరికీ తోచలేదు కూడా, నూకాలుతో సహా.

తర్వాత మోటారు వచ్చింది. వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, అందరూ దాని చుట్టూ నిలబడి చూశారు. ఆ సంతోషంలో ఎదుటి పీటను తీసి గోడకు ఆనించేశారు. నూకాలుకు లక్క వండటం, రంగు కలపటం, పొట్టు ఊడవటం మిగిలాయి.

దేముడికి ఒక దిగులుండేది. వీధిలోని కుర్రాళ్లంతా మందుల ఫ్యాక్టరీల బస్సెక్కి వెళ్లిపోతున్నారు. ఆయన దగ్గర కూర్చుని పని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. బొమ్మల పనివాళ్ల సంఘం అరుగు మీదా, ఇంట్లోనూ అదే మాట అనేవాడు. "నా పని నాతోటే పోద్ది." ఆ మాట అంటున్నప్పుడు చాలాసార్లు నూకాలు ఆయన కాళ్ల దగ్గరే పొట్టు ఊడుస్తూ ఉండేది. ఆయన కాళ్లు ఎత్తేవాడు. ఆమె కింద ఊడ్చేది. ఆయన మళ్లీ కాళ్లు దించేవాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక దేముడు సంఘం అరుగు మీదికి వెళ్లేవాడు. నలుగురూ చేరి పేకాడే చోటు అది. ఆ కాసేపే నూకాలుది. అప్పాయమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతూ ఉండేది. లోపల ఏం జరుగుతోందని ఒక్కరోజూ అడగలేదు. ఎండ అరుగు దిగి వీధిలోకి జారగానే, "అయ్యొచ్చే యేళయింది" అని మాత్రం అనేది. తల్లి ఇచ్చిన అనుమతి అంతే. అది చాలింది.

మమ్మల్ని బిళ్లలుగా కోసింది. కొన్నింటిని నిటారుగా, కొన్నింటిని ఏటవాలుగా. ఒక్కొక్క ముఖాన్నీ ఉప్పుకాగితం మీద అరగదీసి, రెండేసి ముక్కల్ని జతపెట్టి వెలుతురుకు ఎత్తి చూసేది. మధ్యలోంచి వెలుగు గీత కనిపిస్తే మళ్లీ అరగదీసేది. కనిపించనంత వరకూ వదిలేది కాదు. ఆమె ముఖంలో విసుగు మేమెప్పుడూ చూడలేదు. చింతచేవ మాత్రం విసుక్కుంది.

అతకడానికి ఆమె లక్కే తీసుకుంది. బడ్డీకొట్లో వడ్రంగులు వాడే జిగురు డబ్బా దొరుకుతుంది. దాని వైపు చూడనైనా లేదు. ఆ ఊళ్లో కత్తికి పిడి నిలిచేది లక్కతో. గాజు మీద రాయి నిలిచేది లక్కతో. మూడు తరాలుగా లక్క వండుతున్న ఇంట్లో పుట్టి జిగురు కొనుక్కోవటమంటే ఏటి ఒడ్డున ఉండి నీళ్లు కొనుక్కున్నట్టు. బొగ్గుల మీద ఎర్రలక్క కరిగించి, సన్నగా పూసి, ముక్క మీద ముక్క నిలిపి, పైన సన్నికల్లు పొత్రం బరువు పెట్టింది. చల్లారాక చూస్తే తెలుపుకూ పసుపుకూ మధ్య, పసుపుకూ నలుపుకూ మధ్య దారమంత ఎర్రగీత. పాపిట్లో కుంకుమ గీసినట్టుంది.

తరిమెన మీదికి ఎక్కించి, దేముడు అరిగిపోయిందని మూలన పడేసిన పొట్టి ఉలి ఒకటి తీసి ఆనించింది. అది ఆనిన క్షణం గురించి చెప్పాలి. అంతవరకూ పనస పనసగా, చింత చింతగా ఉన్నాం. తిరగడం మొదలెట్టాక ఎవరి మూలలు వాళ్లకు పోయాయి. ఎక్కడ అంకుడు ఆగిందో ఎక్కడ తాటి మొదలైందో మాకే తెలియలేదు. ఉలి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేసరికి 'నేను' అనుకోగలిగాను.

ఉలి పడ్డప్పుడల్లా అతుకుల దగ్గర కాస్త వెచ్చదనం పుట్టేది, లక్క లోపల కొద్దిగా మెత్తబడేది. నూకాలు మోటారు ఆపి నన్ను అరచేత్తో పట్టుకుని చల్లబడేదాకా ఆగేది. ఆ వెచ్చదనం ఆమెతో ఒక మాట చెబుతూనే ఉంది. పని కుదురుతున్న సంతోషంలో ఉన్న మనిషికి అలాంటి మాటలు వినపడవు. చల్లారితే రాయి అనుకుంది. రెండు చివర్ల నుంచీ తొలిచి నడుమ కలిపింది. మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెచ్చింది. పాత పెన్ను ఇత్తడి మూతి బిగించి, లోపల రీఫిల్ పెట్టింది. పేపరు అంచు మీద ఒక సున్న చుట్టి, ఆ సున్న వైపు చాలాసేపు చూసింది.

దేముడు నన్ను చూసింది కిటికీ గట్టు మీద. చేతిలోకి తీసుకుని తిప్పాడు. అతుకు మీద గోటితో గీరాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి గీరాడు.

"ఎవులు సేసేరిది?"

నూకాలు లక్క గిన్నెలోంచి చూపు ఎత్తకుండా, తనేనంది.

"ఎవులు సూపించేరు నీకు?"

ఆమె కొంచెం ఆలోచించింది. "తాడు" అంది. "నువ్వు ఉలెట్టి నొక్కితే తాడు బరువెక్కేది. తీస్తే తేలికయ్యేది. ఎక్కడ నొక్కేవో, ఎక్కడ వొదిలేవో అన్నీ నా చేతులకి తెలిసేవి కదయ్యా."

దేముడు నన్ను మరోసారి వెలుతురుకు తిప్పాడు. చివరికి, "అతుకే కదేటి" అన్నాడు. అని నన్ను పొయ్యిలో వెయ్యలేదు. అమ్మకానికి పెట్టే బల్ల మీద భరిణెల పక్కన నిలబెట్టాడు. ఆ మాట అన్నదీ, అలా నిలబెట్టిందీ ఒకే మనిషి. ఆ రెండిటిలో ఏది ఆయనో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

కొద్ది రోజులకు పట్నం నుంచి వైకుంఠరావు అనే అధికారి వచ్చాడు. చేతిపనుల వాళ్ల వ్యవహారాలు చూసే ఆఫీసాయన. పట్నంలో తరిమెన పని నేర్పే కేంద్రం ఒకటి పెడుతున్నారట. అందులో పాఠం చెప్పడానికి పనిమంతుడైన పెద్దమనిషి కావాలట. వీధిలో ఇల్లిల్లూ తిరిగి, చివరికి దేముడి బల్ల ముందు ఆగాడు. బొంగరాలు దాటి, భరిణెలు దాటి నన్ను తీశాడు. వెలుతురుకు పట్టి చూసి, ఇదెవరు చేశారని అడిగాడు.

దేముడు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. మామూలుగా తుడుచుకునే దానికంటే ఎక్కువసేపు.

"మా పనేనండి" అన్నాడు.

"మీ చేతిలో సరస్వతి ఉందండీ" అన్నాడు వైకుంఠరావు. ఇన్నాళ్లూ వెతుకుతున్న మనిషి దొరికాడనీ, కేంద్రానికి ఆయన పేరే రాస్తాననీ, పాతికమంది పిల్లలు ఆయన ముందు కూర్చుని నేర్చుకుంటారనీ చెప్పుకుపోయాడు. దేముడు తల వంచుకుని విన్నాడు. అబద్ధమాడలేదు. నిజమూ చెప్పలేదు. ఆ రెండిటి మధ్యా మనుషులు చిన్న గది ఒకటి కట్టుకుంటారు. అందులో నిలబడటానికి చోటుంటుంది గానీ, కూర్చోవడానికి ఉండదు.

నూకాలు అతిథికి మంచినీళ్లు తెచ్చి నిలబడి ఉంది. ఆమె చూపు ఒకసారి నా మీద, తర్వాత తండ్రి వంచిన తల మీద నిలిచింది. 'నా పని నాతోటే పోద్ది' అన్న మనిషి ముందు పాతికమంది కూర్చుంటారన్న మాట వినగానే ఆయన మెడ వెనక నరం ఎలా కదిలిందో ఆమె చూసింది. గ్లాసు అందించి లోపలికి వెళ్లింది. దేముడు నన్ను ఊరికే, కానుకగా, ఆ అధికారికి ఇచ్చాడు.

వైకుంఠరావు చెడ్డవాడు కాదు. నన్ను జేబులో ముందుకు కనిపించేలా పెట్టుకునేవాడు. ఎవరైనా అడగాలని ఎదురుచూసేవాడు. అడక్కపోతే తనే తీసి బల్ల మీద పెట్టేవాడు. మొదట్లో నన్ను చేసింది ఒక పల్లెటూరి పనివాడు. నెల తిరిగేసరికి అతను ఎనభై ఏళ్ల వృద్ధుడయ్యాడు. మరికొన్నాళ్లకు చూపు కూడా సరిగా లేదట, వేళ్లతో తడిమి చేశాడట. నా ఒంట్లో చందనం కూడా ఉందని ఒకసారి చెప్పాడు. అంకుడు ముక్క సిగ్గుతో చచ్చిపోయింది. అన్ని కథల్లోనూ నేను నూకాలు కోసం వెతికాను. ఎక్కడా కనిపించలేదు.

ఎండాకాలం వచ్చింది. ఒక ప్రదర్శన ప్రారంభానికని వైకుంఠరావు కారులో బయల్దేరాడు. ఉక్కకు తట్టుకోలేక నన్ను జేబులోంచి తీసి అద్దం ముందు పెట్టాడు. దారిలో ఎవరినో కలవాలని కారు ఎండలో ఆపి, అద్దాలు మూసి వెళ్లాడు. ఎంతసేపటికి వచ్చాడో నాకు తెలియదు. నా లోపల ఒక్కొక్క ఎర్రగీతా నిద్రపోతున్నట్టు ఒదిగిపోయింది. పనస కాస్త జారింది. తాటి పక్కకి ఒరిగింది. ప్రదర్శన దగ్గర కారు దిగి ఆయన హడావుడిగా నన్ను జేబులో పెట్టుకుని లోపలికి పరిగెత్తాడు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దావిడ నాలుగు మాటలు రాయడానికి చెయ్యి చాపితే, నా గురించి కథ మొదలుపెడుతూ నన్ను అందించాడు.

ఆవిడ రెండక్షరాలు రాసింది. మూడో అక్షరం దగ్గర నేను వంగిపోయాను. ఆవిడ వేళ్ల మధ్య ఎర్రటి తీగలు సాగాయి. ఇత్తడి మూతి కాగితం మీద పడింది, దాని వెనక మేము ఒకటొకటిగా.

"వైకుంఠరావుగారూ, మీ కలానికి వడదెబ్బ తగిలినట్టుందండీ" అంది ఆవిడ.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మమ్మల్ని ఏరి జేబురుమాలులో చుట్టాడు. ఇక్కడి నుంచి కాసేపు 'నేను' లేను. తర్వాత జిగురుతో మళ్లీ అతికారు కాబట్టే ఇవాళ మీతో ఇలా మాట్లాడగలుగుతున్నాను. కానీ ఆ తర్వాత దేముడి ఇంట్లో జరిగినది చూసినప్పుడు మేము రుమాలులో విడివిడిగా పడున్న ముక్కలమే. తలా ఒక ముఖం చూశాం. దాన్నంతా కూర్చి చెబుతున్నాను.

వైకుంఠరావు వచ్చేసరికి దేముడు పనిలో ఉన్నాడు. మోటారు ఆపి లేచాడు. అధికారి బల్ల మీద రుమాలు విప్పాడు.

"దేముడుగారూ, తప్పు పట్టాలని రాలేదు. కానీ రేపు పిల్లలకి మీరు నేర్పాలి కదా. ఎండ తగిలితే ఊడిపోయే పని నేర్పితే మాట నాకొస్తుంది."

దేముడు మా మీదికి వంగాడు. అతుకుల లోపల ఏముందో ఆయన అప్పుడే మొదటిసారి చూడటం. వేలి కొసతో లక్కను ముట్టుకున్నాడు. విషయం వెంటనే అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు, మా నూకాలు గుంట ఆటకి చేసిందండి అంటే చాలు, ఆయన పేరూ, పట్నంలో ఆ కుర్చీ, ముందు కూర్చోబోయే పాతికమందీ అన్నీ నిలుస్తాయి. ఎవరూ అనుమానించరు. నూకాలుకు పోయే పేరంటూ ఏమీ లేదు కాబట్టి ఎవరికీ నష్టం ఉండదు. ఆ మాట ఆయన గొంతు దాకా రావడం మేము చూశాం.

"తప్పు నాదేనండి" అన్నాడు దేముడు. "నా పనే."

వైకుంఠరావు జాలిగా తల ఊపాడు. వయసు మీద పడ్డాక ఎవరికైనా తప్పదనీ, చూపు ఆనకపోయి ఉంటుందనీ, కేంద్రం సంగతి మరోసారి ఆలోచించి చెబుతాననీ మెత్తగా అన్నాడు. జీవితంలో ఒక్క అతుకు వెయ్యని మనిషి అన్నిటికీ అలాగేనండి, అలాగేనండి అన్నాడు.

నూకాలు లోపలి గుమ్మంలోకి వచ్చింది. చేతులకు లక్క రంగు అంటుకుని ఉంది. బడిలో పాఠం అప్పజెబుతున్నట్టు నిటారుగా నిలబడింది.

"ఆ కలం నేను చేశానండి" అంది.

ఇద్దరూ తల తిప్పారు. అప్పాయమ్మ చేట కింద పెట్టింది.

"లక్క వేడికి మెత్తబడుద్దని తెలుసండి. అంతలా ఊడిపోద్దనుకోలేదు. ఆ తప్పు నాది. మా అయ్యకి అతుకు పని రాదండి, ఎప్పుడూ సెయ్యలేదు."

వైకుంఠరావు ఆమె చేతుల వైపు చూశాడు, మా వైపు చూశాడు, దేముడి వైపు తిరిగాడు. "మరి ఆ రోజు…" అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆపేసిన మాట గదిలోనే ఉండిపోయింది. దేముడు తన పాదాల దగ్గరి పొట్టును చూస్తున్నాడు. తండ్రిని నిందలోంచి బయటికి లాగితే మెప్పు దొంగిలించినవాడిగా తేలతాడని నూకాలుకు తెలియక కాదు. అయినా అంది.

మళ్లీ చెయ్యగలవా అని అధికారి అడిగాడు. జిగురుతో అతికితే నిలుస్తుందనీ, ఏ కర్ర పక్కన ఏది పెట్టకూడదో కూడా ఇప్పుడు తెలిసిందనీ ఆమె చెప్పింది. చెయ్యాలంటే తరిమెన కావాలంది. "ఉందిగా" అన్నాడాయన అమాయకంగా, ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తూ. ముగ్గురి చూపూ దాని ముందున్న దేముడి పీట మీదికి వెళ్లింది. ఆయన ఇబ్బందిగా నమస్కారం పెట్టి, మమ్మల్ని అక్కడే వదిలి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

కారు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా అప్పాయమ్మ ఓర్చుకుంది. తర్వాత కూతురి మీద విరుచుకుపడింది. "అడగని కాడ నోరిప్పడమెందుకే నీకు? అయ్య మీదేసుకున్నాడు, అయిపోనాది. పరాయోడి ముందు ఆ మనిషి తల తీసి నేలకేసి కొట్టేవు. అన్నం తిన్న ఇల్లు కాదేటిది?"

నూకాలు ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మెప్పు అయ్య తీసుకున్నాడు, నానేటీ అనలేదు. ఆయనకి కావాలి, తీసుకోనీ అనుకున్నాను. తప్పు కూడా ఆయనే తీసుకుంటే, మరింక నాను సేసినట్టు ఏటుంటాదమ్మా?"

అప్పాయమ్మ పట్టేసిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని, ఎదుటి పీట ఆనించి ఉన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను చాలామంది చేతుల్లోకి వెళ్లలేదు. చూసిన కొద్దిమందిలో మెప్పు కోసం చెయ్యి చాపేవాళ్లే ఎక్కువ. పేరు పోయినా ఊరుకుని, తప్పు మాత్రం నాకిచ్చేయండి అని అడిగిన మనిషిని ఆ ఒక్కరోజే చూశాను. తప్పు ఒప్పుకోవడం అనుకున్నారు అక్కడివాళ్లు. పనిని ఒప్పుకోమని అడగడమని ఒక్కరికే అర్థమైంది. ఆయన ఇంకా పొట్టు వైపే చూస్తున్నాడు.

దేముడు బల్ల దగ్గరికి వచ్చాడు. మమ్మల్ని రుమాలులోంచి తీసి ఒక్కొక్కదాన్నీ వరుసగా పేర్చాడు, తెలుపు, పసుపు, నలుపు, మళ్లీ తెలుపు, ఆమె పేర్చిన వరుసలోనే. ఎక్కడా తడబడలేదు. అంటే ఆ రోజు కిటికీ దగ్గర అంత పట్టి చూశాడన్నమాట. తర్వాత మూలకి వెళ్లి కొత్త కర్ర ముక్క ఒకటి ఎంచి తెచ్చాడు. బీట లేని అంకుడు. రెండు మొనల మధ్యా బిగించాడు. మోటారు మీట నొక్కాడు. కర్ర తిరిగింది. ఎప్పటిలా తన పీట మీద కూర్చున్నాడు. ఉలి తీశాడు. మూలన పడేసిన పొట్టిది కాదు, తన తండ్రి నుంచి వచ్చింది, ఎవరినీ ముట్టుకోనివ్వనిది.

కర్రకు ఆనించలేదు. తిరుగుతున్న కర్రను కాసేపు చూస్తూ కూర్చుని, లేచాడు. తిరిగే తరిమెనను వదిలి లేవడం ఆ పనివాళ్లలో లేదు. మోటారు ఆపకుండా ఆయన లేవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

పదునున్న ఇనుమును చేతి నుంచి చేతికి ఇవ్వరు, ఇస్తే పొత్తు చెడుతుందంటారు. దేముడు వంగి ఉలిని తన పీట ముందు నేల మీద పెట్టాడు. పదును తన వైపు, పిడి కూతురి వైపు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నూకాలు కదలకుండా నిలబడే ఉంది. ఆయన ఆమె పక్క నుంచే నడిచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టి వీధిలోకి వెళ్లిపోయాడు.